పరాయివాని కొరకు వేసిన బల్ల

సంఘ అధ్యయన పాఠము: పెద్దల తరగతికి, స్త్రీల సమాజమునకు, యవ్వనస్థుల కూటమునకు
చదువుకొనవలసిన భాగము: యిర్మీయా 29వ అధ్యాయము, మొదటి 14 వచనములు



ఈ మాసపు పాఠము జూదమును గూర్చినది. జూదము తప్పా కాదా అని వాదించుటకు దీనిని వ్రాయడం లేదు. ఆ సంగతి మనము చిన్ననాటి నుండి ఆదివారపు బడిలో విన్నదే. ఈసారి అడుగవలసిన ప్రశ్న వేరు. మనము నివసించే పట్టణములో క్యాసినో పెట్టుకొనుటకు ప్రభుత్వము అనుమతి ఇవ్వబోతున్నదని తెలిసింది అనుకుందాము. వలస వచ్చి స్థిరపడిన మనము అప్పుడు ఏమి చేయాలి? "ఇది మన ఊరు కాదు గదా, మనకెందుకు" అని ఊరుకోవచ్చునా?

ఊరుకోకూడదు అన్నదే ఈ పాఠము. దానికి ముఖ్యమైన కారణము ఒకటి ఉన్నది. చాలాచోట్ల క్యాసినో బల్ల వేసేది ఊరివాని కొరకు కాదు, పరాయివాని కొరకు. ఆ పరాయివాడు ఎవరో కాదు, మనమే. ఈ మాట నిజమో కాదో నాలుగైదు ఊళ్ళ చరిత్ర చూచి మీరే తేల్చుకోవచ్చును.

1. సరిహద్దు గీత నేర్పిన సంగతి

మాది యానాంలోని అడవిపొలం. యానాం మొత్తము కలిపి సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారము 55,626 మంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, ప్రక్కన గౌతమీ గోదావరి. మా ప్రభుత్వము మాత్రము 800 కిలోమీటర్లకు పైగా దూరములో పుదుచ్చేరిలో ఉన్నది. అక్కడి శాసనసభలో మా అందరికీ కలిపి ఒక్కడే సభ్యుడు. ఇట్టి ఊరిలో పెరిగినవానికి ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. గీతకు అవతల నిషేధించినది గీతకు ఇవతల వ్యాపారమవుతుంది.

1929 నాటి శారదా చట్టము బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహములను నిషేధించింది. యానాం అప్పుడు ఫ్రెంచివారి పాలనలో ఉన్నందున ఆ చట్టము ఇక్కడికి రాలేదు. చుట్టుప్రక్కల జిల్లాల పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, ఇక్కడ పెండ్లి జరిపించి, తిరిగి వెళ్ళిపోయేవారు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధము వచ్చినప్పుడు కూడ దాహము తీర్చుకొనేవారు గీత దాటి యానాం వచ్చారు. రెండు కాలములలోను డబ్బు తెచ్చినవాడు బయటివాడే. అతడు ఇంటికి ఏమి తీసుకొని పోయాడో ఇక్కడివారు చూడలేదు. చూడనందువల్ల వ్యాపారము సుళువుగా సాగింది.

క్యాసినో వ్యాపారము కూడ ఇట్టి గీతలనే వెదుకుతుంది. ఒక రాష్ట్రములో చట్టము గట్టిగా ఉంటే ప్రక్క రాష్ట్రము, భూమిమీద వీలు కాకపోతే నదిలో ఓడ, నదిలో కాకపోతే సముద్రము. 2022 జూన్‌లో చెన్నై నుండి విశాఖపట్నమునకు యాత్రికులను త్రిప్పే కార్డీలియా ఓడ పుదుచ్చేరి తీరములో ఆగవలసి ఉండగా, అందులో జూదము ఉన్నదన్న ఆక్షేపణ లేచింది. పార్టీలు, ప్రజాసంఘములు అడ్డు చెప్పాయి. ప్రభుత్వము ఆనాడు అనుమతి ఇవ్వలేదు. 2025 జూలైలో ఓడ మరల పుదుచ్చేరికి వచ్చినప్పుడు ఆక్షేపణలు కూడ మరల లేచాయి. ఒకసారి వద్దన్నంత మాత్రాన సంగతి ముగిసిపోదని దీనివల్ల తెలుస్తుంది.

2. బల్లమీద లెక్క

ఉద్యమము చేయాలంటే ముందు లెక్క తెలియాలి. కోపము ఒక పూట ఉంటుంది, లెక్క ఎన్నటికీ ఉంటుంది. రౌలెట్ అనే చక్రమును తీసుకుందాము. యూరోపు పద్ధతి చక్రములో 0 నుండి 36 వరకు 37 గడులు ఉంటాయి. మీరు ఒక గడిమీద 100 రూపాయలు పెట్టి ఆ గడి వస్తే, మీ 100 మీకు ఇచ్చి దానిమీద 35 రెట్లు, అనగా 3,500 ఇస్తారు. మొత్తము 3,600.

ఇప్పుడు 37 గడులమీదను తలా 100 పెట్టామనుకోండి. మనము పెట్టినది 3,700. ఏదో ఒక గడి తప్పక గెలుస్తుంది. మన చేతికి వచ్చేది 3,600. అన్ని గడులూ కొనుక్కున్నా 100 రూపాయలు యజమానికే పోయాయి. అనగా పెట్టిన ప్రతి నూటికి 2 రూపాయల 70 పైసలు అతని వాటా. అమెరికా పద్ధతి చక్రములో ఇంకొక సున్న చేర్చి 38 గడులు చేశారు గనుక అక్కడ నూటికి 5 రూపాయల 26 పైసలు. ఇందులో మోసము లేదు, రహస్యము లేదు. చక్రము నిజాయితీగా తిరిగినా ఇదే ఫలితము.

"నూటికి రెండు మూడు రూపాయలేగదా" అని తోచవచ్చు. ఒకడు ప్రతి పందెమునకు 500 పెడుతూ గంటకు 40 సార్లు ఆడాడనుకోండి. గంటకు 20,000 రూపాయల పందెము అయింది. సగటున గంటకు 540 రూపాయలు పోతాయి. ఆరు గంటలు కూర్చుంటే 3,200కు పైగా. ఒక రాత్రి ఒకడు గెలువవచ్చును. ఆ గెలిచినవాడే తర్వాతి వారమునకు ప్రకటన. అతనిని చూచి పదిమంది వస్తారు, అతడు కూడ గెలిచినదంతా తీసుకొని మరల వస్తాడు. కిటికీలు లేని గది, గోడమీద గడియారము లేకపోవడము, డబ్బుకు బదులు రంగు బిళ్ళలు, ఉచిత భోజనము, ఇవన్నియు అతడు లేవకుండ చేయుటకే.

3. పణజి: వచ్చినదానిని పంపివేయుట ఎంత కష్టమో

మన దేశములో క్యాసినో అంటే మనవారికి గోవాయే గుర్తుకు వస్తుంది. అక్కడి జూద చట్టము 1976 నాటిది. దానికి 1992లో ఒక సవరణ చేసి ఐదు నక్షత్రాల హోటళ్ళలో జూద యంత్రములకు అనుమతి ఇచ్చారు. 1996లో మరియొక సవరణ చేసి ఓడలలో బల్లలకు అనుమతి ఇచ్చారు. సముద్రములో ఎక్కడో దూరముగా ఉంటాయి అనుకున్న ఓడలు రాజధాని పణజి ముందు మాండవి నదిలోనే లంగరు వేశాయి. ఆ తర్వాతి సంవత్సరములలో వాటి సంఖ్య ఆరుకు చేరింది.

ఊరివారు ఊరుకోలేదు. ఆమ్ ఔరత్ ఆద్మీ అగైన్‌స్ట్ గ్యాంబ్లింగ్ అనే ప్రజాసంఘము, అందులోను ముఖ్యముగా స్త్రీలు, సంవత్సరముల తరబడి సభలు, ఊరేగింపులు, వినతిపత్రములు నడిపారు. ఓడలను మాండవి నుండి తరలిస్తామని ప్రభుత్వములు మాట ఇచ్చాయి. గడువు వచ్చినప్పుడెల్లా గడువు పొడిగించాయి. ప్రతిపక్షములో ఉన్నప్పుడు క్యాసినోలను గట్టిగా ఎదిరించినవారే 2012లో అధికారములోనికి వచ్చినా ఓడలు కదలలేదు. ఎందుకు? అప్పటికే లైసెన్సు రుసుము ఖజానా లెక్కలలో చేరిపోయింది, జీతములు దానిమీద ఆధారపడిన కుటుంబములు ఏర్పడ్డాయి, హోటళ్ళు, టాక్సీలు దానిచుట్టూ అల్లుకున్నాయి. ఒకసారి దిగిన వేరును పెరకడము కష్టము.

ఇందులో మనము గమనించవలసిన సంగతి ఇంకొకటి. గోవా ప్రభుత్వము 2020 ఫిబ్రవరి 1 నుండి గోవావాసులు క్యాసినోలలోనికి వెళ్ళి ఆడకూడదని నిషేధము అమలులోనికి తెచ్చింది. తన ప్రజలకు హాని అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లయింది. కాని ఓడలు అక్కడే ఉన్నాయి. మరి అవి ఎవరికొరకు? హైదరాబాదు నుండి, విజయవాడ నుండి, బెంగుళూరు నుండి వచ్చేవానికొరకు. నేపాల్‌లో కూడ అంతే. అక్కడి క్యాసినోలలో నేపాలీయులకు ప్రవేశము లేదు. తన బిడ్డకు వద్దన్న అన్నమును ప్రక్కింటి బిడ్డకు వడ్డించడము ఇది.

4. సింగపూర్: ఓడిపోయినా సాధించినది

సింగపూర్‌లో క్యాసినో పెట్టాలన్న ఆలోచన 2004లో బయటికి వచ్చింది. ఆ చిన్న దేశములో ప్రభుత్వమునకు ఎదురు చెప్పడము అలవాటు లేదు. అయినను సామాన్య కుటుంబములవారు కలిసి ఫ్యాక్ట్స్ అను పేరుతో ఒక గుంపుగా ఏర్పడి వేలకొలది సంతకములు సేకరించారు. క్రైస్తవ సంఘములు, ముస్లిములు, సంక్షేమ సంస్థలు కూడ అభ్యంతరము చెప్పారు. 2005 ఏప్రిల్ 18న ప్రభుత్వము రెండు క్యాసినోలకు అనుమతి ప్రకటించింది. అవి 2010లో తెరువబడ్డాయి. అంటే ఉద్యమము ఓడిపోయింది.

పూర్తిగా ఓడిపోయిందా? లేదు. ఆ అభ్యంతరముల ఒత్తిడివల్ల కొన్ని కంచెలు వేశారు. అక్కడి పౌరులు, శాశ్వత నివాసులు లోపలికి వెళ్ళాలంటే ఒక దినమునకు 100 డాలర్లు చెల్లించాలని నియమము పెట్టారు. 2019లో దానిని 150 డాలర్లు చేశారు. జూద వ్యసనము విషయమై 2005లోనే ఒక జాతీయ మండలిని ఏర్పాటు చేశారు. భర్త జూదమువల్ల ఇల్లు గుల్ల అవుతున్నదని భార్య దరఖాస్తు పెట్టుకుంటే, విచారించి అతనికి ప్రవేశము నిషేధించే ఏర్పాటు కూడ ఉన్నది. ఇవి చిన్న సంగతులు కావు.

అయితే ఆ రుసుము కంచె పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. పని అనుమతిమీద వెళ్ళిన విదేశీయుడు ఆ రుసుము లేకుండానే లోపలికి వెళ్ళవచ్చును. నౌకల మరమ్మతు యార్డులలో, కట్టడముల పనులలో శ్రమపడుతూ ఊరిలో అప్పు తీర్చుటకు డబ్బు కూడబెట్టుకునే మన తెలుగు కుర్రవాడు ఆ విదేశీయులలో ఒకడు. అతని కొరకు మాట్లాడవలసినవారు ఎవరు? అక్కడ స్థిరపడిన తెలుగువారు కాదా?

5. టొరంటో: నడిబొడ్డున ఆగింది, అంచున దిగింది

కెనడా దేశము మనకు కొత్త కాదు. 1874లో కాకినాడలో సేవ ప్రారంభించిన మిషనెరీలు కెనడా బాప్టిస్టులు. నేడు మన పిల్లలు అటు వెళ్ళి స్థిరపడుతున్నారు. అక్కడి టొరంటో నగరము 1997లోనే ఓటు ద్వారా క్యాసినో వద్దన్నది. 2012లో ఒంటారియో రాష్ట్ర లాటరీ సంస్థ ఆ ప్రతిపాదనను మరల లేవనెత్తింది. లాస్ వేగాస్ కంపెనీలు పెద్ద పెద్ద చిత్రపటములతో దిగాయి. నగరమునకు ఏటా 10 కోట్ల డాలర్లయినా వస్తాయని మేయరు ఆశపెట్టారు.

నో క్యాసినో టొరంటో అనే పేరుతో ఊరివారు కొందరు పనికి పూనుకున్నారు. వారు చేసినది గొప్ప మాయ ఏమీ కాదు. నగర సభలో మేయరుతో కలిపి 45 మంది. ఒక్కొక్క వార్డు సభ్యుని వద్దకు ఆ వార్డువారినే పంపారు. ఉత్తరములు వ్రాయించారు. బహిరంగ విచారణ పెట్టినప్పుడు వరుసలో నిలబడి ఒక్కొక్కరు తమకు ఇచ్చిన కొద్ది నిమిషములలో మాట్లాడారు. నగర ఆరోగ్యశాఖవారు కూడ జూద వ్యసనము పెరుగుతుందని నివేదిక ఇచ్చారు. వివిధ మతముల పెద్దలు కలిసి నిలబడ్డారు. "ఇంత ఆదాయము వస్తుంది" అన్న మాటకు "ఎవరి జేబు నుండి వస్తుంది" అని తిరిగి అడిగారు. 2013 మే 21న నగర సభ 40 ఓట్లకు 4 ఓట్ల తేడాతో కొత్త క్యాసినో వద్దన్నది. లైసెన్సు ఇవ్వకముందే నిలబడితే ఏమి జరుగుతుందో దీనినిబట్టి తెలుసుకోవచ్చును.

కాని కథ అక్కడితో ఆగలేదు. నగరపు వాయవ్య మూల వుడ్‌బైన్ గుర్రపు పందెముల మైదానము ఉన్నది. అక్కడ జూద యంత్రములు 2000వ సంవత్సరము నుండియే ఉన్నాయి. అదే 2013 మే నెలలో అక్కడ విస్తరణను కూడ సభ కాదన్నది గాని, అది 24 ఓట్లకు 20. రెండేండ్లు గడిచాయి. 2015 జూలైలో అదే విస్తరణకు సభ అనుమతి ఇచ్చింది. 2018లో బల్లలు వచ్చాయి. 2023లో అక్కడ పెద్ద క్యాసినో హోటలు తెరిచారు. ఆ ప్రాంతము పేరు రెక్స్‌డేల్. అక్కడ నివసించేవారు ఎక్కువగా వలస వచ్చినవారు, దక్షిణ ఆసియావారు, ఆఫ్రికావారు, సామాన్య జీతగాండ్రు.

చూచారా? నగరపు నడిబొడ్డున వద్దని 40 మంది అన్నది నగరపు అంచున, వలసవారి ఇండ్ల ప్రక్కన దిగింది. అక్కడివారిలో అందరూ దానిని ఎదిరించలేదు. ఉద్యోగములు కావాలన్నవారు ఉన్నారు. వారి ఆకలిని మనము తక్కువగా చూడకూడదు. స్థానికులు కలిసి కూడి, 2018లో కంపెనీ చేత స్థానికులకు ఉద్యోగములు, ఒక శిశు సంరక్షణ కేంద్రము ఇచ్చేలాగున ఒప్పందము వ్రాయించుకున్నారు. అది మెచ్చుకొనదగినది. అయినను తెరిచిన తలుపు వెడల్పు కావడము సులభము, మూసిన తలుపు తెరవడము కష్టము అన్న సంగతి అక్కడ కూడ ఋజువయింది.

6. మన ఇంటి పాఠము: దూబగుంట

ఇట్టి పని చదువుకున్నవారికి, ఇంగ్లీషు వచ్చినవారికే చేతనవుతుందని అనుకొనవద్దు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు, సారావల్ల చితికిపోయిన కుటుంబము కథను పాఠముగా చదివారు. చదివి, "ఇది మన కథే గదా" అన్నారు. వర్ధినేని రోశమ్మ మొదలగువారు ముందు నడిచి ఊరిలో సారా దుకాణము మూయించారు. ఆ కబురు జిల్లా అంతటా ప్రాకింది. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను గనుక దూబగుంట మాట వచ్చినప్పుడెల్లా ఒకటి తలపోస్తాను. ఒక పాఠము చదివినవారి జీవితమును నిజముగా తాకితే, ఆ తరగతి గదికి గోడలు ఉండవు.

ఆ స్త్రీలు ఎక్కడ నిలబడ్డారో చూడండి. దుకాణము ముందు మాత్రమే కాదు. ప్రభుత్వము సారా పాటలు పాడించే వేలము దగ్గర నిలబడ్డారు. జిల్లాలో వేలములు మరల మరల వాయిదా పడ్డాయి. లైసెన్సు పుట్టే చోటనే వారు దెబ్బ కొట్టారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధము, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధము వచ్చాయి. ఆ తర్వాత రెండేండ్లకే, 1997లో, ఆదాయము పోతున్నదని మద్యనిషేధమును సడలించారు. పణజిలో ఓడలను కదలనీయని సంగతియే ఇక్కడ కూడ పనిచేసింది. ప్రభుత్వము ఏ ఆదాయమునకు అలవాటు పడుతుందో దానిని వదలలేదు. గనుక గెలిచిన తర్వాత కూడ కావలి ఉండాలి.

7. మనవారే చెప్పే ఆక్షేపణలు

"లేఖనములలో చీట్లు వేశారు గదా" అని కొందరు యవ్వనస్థులు అడుగుతారు. మంచి ప్రశ్న. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో మత్తీయను చీట్లు వేసి ఎన్నుకున్నారు. అక్కడ ఎవడును పందెము కాయలేదు, ఒకని సొత్తు ఇంకొకనికి పోలేదు. సిలువ క్రింద సైనికులు కూడ చీట్లు వేశారు. అక్కడ బాధపడుచున్నవాని వస్త్రము పంచుకొనుటకు వేశారు. రెండు చోట్లా చీటి ఒక్కటే, పని వేరు. క్యాసినో ఈ రెంటిలో దేనికి దగ్గరో తరగతిలో చర్చించండి.

"సంఘము రాజకీయములలో జోక్యము చేసుకోకూడదు" అన్నది రెండవ ఆక్షేపణ. బాప్టిస్టులుగా మనము సంఘమునకు ప్రభుత్వమునకు మధ్య గీత ఉండాలని నమ్మినవారము. అది సరియే. ఎవరికి ఓటు వేయాలో పుల్పిటు నుండి చెప్పకూడదు. కాని ఊరివానిగా, పన్ను కట్టేవానిగా నగర సభకు అర్జీ పెట్టుకోవడము పార్టీ రాజకీయము కాదు. అది పౌరుని పని. ఈ మాసపు వాక్యభాగములో యిర్మీయా ఉత్తరము వ్రాసినది ఎవరికి? తమ దేశము విడిచి పరదేశములో ఉన్నవారికి. వారు ఇండ్లు కట్టుకొని, తోటలు నాటుకొని, తామున్న పట్టణము యొక్క క్షేమమును కోరవలెనని ప్రవక్త చెప్పాడు. ఆ పట్టణము క్షేమముగా ఉంటేనే వారికిని క్షేమము. వలసవానికి వ్రాసిన ఉత్తరము అది. మనకు వ్రాసినట్లే ఉన్నది.

"ఇష్టమున్నవాడు వెళ్తాడు, లేనివాడు మానుకుంటాడు" అన్నది మూడవది. జూదగాడు ఒక్కడే వెళ్తాడు, నిజమే. కాని వాని వెనుక ఇంటి అద్దె, పిల్ల కాలేజీ రుసుము, తల్లి మందులు, ఊరిలో అప్పిచ్చినవాని నమ్మకము, ఇవన్నీ వెళ్తాయి. వాటికి ఇష్టమున్నదా అని ఎవరూ అడగరు.

8. మన సంఘము చేయగలిగిన పనులు

మొదటిది, నిర్ణయము ఎవరి చేతిలో ఉన్నదో తెలుసుకోవాలి. పంచాయతీయా, నగర సభయా, రాష్ట్రమా? ఏ తేదీలోగా అభ్యంతరములు తీసుకుంటారు? సంఘములో ఒకరిద్దరికి ఈ పని అప్పగించి, నగర సభ ప్రకటనలు చదివి ప్రతి మాసము తెలియజేయమనాలి. చాలా ఉద్యమములు ఆలస్యముగా తెలిసినందువల్లనే ఓడిపోతాయి.

రెండవది, లెక్క నేర్పాలి. పైన చెప్పిన 37 గడుల లెక్కను నల్లబల్లమీద వేసి చూపిస్తే ఎనిమిదవ తరగతి పిల్లవానికి కూడ అర్థమవుతుంది.

మూడవది, ఒంటరిగా పోకూడదు. గుడివారు, మసీదువారు, గురుద్వారావారు, దుకాణదారులు, బడి పంతుళ్ళు, అందరిని కలుపుకోవాలి. సింగపూర్‌లోను టొరంటోలోను అలాగే జరిగింది. మన భాషలో మాత్రమే మాట్లాడుకుంటే మన మాట మన హాలు దాటదు.

నాల్గవది, ఉద్యోగముల మాటకు జవాబు సిద్ధముగా ఉండాలి. "వద్దు" అన్నంత మాత్రాన చాలదు. ఆ స్థలములో ఇంకేమి పెట్టవచ్చునో, ఆ కుర్రవానికి ఏ పని దొరుకుతుందో కూడ చెప్పగలగాలి.

ఐదవది, మన ఇల్లు మనము ఊడ్చుకోవాలి. సంఘ భవన నిధికి లక్కీ డ్రా టిక్కెట్లు అమ్ముకుంటూ, పిక్నిక్కులలో డబ్బు పెట్టి హౌసీ ఆడుకుంటూ, పండుగకు ఊరికి వెళ్ళి కోడిపందెముల బరి దగ్గర నిలబడుతూ, నగర సభ ముందు జూదము వద్దని చెప్తే ఎవరు వింటారు? 2022 సంక్రాంతికి గుడివాడలో క్యాసినో నడిచిందన్న ఆరోపణ రాష్ట్రమంతటా వివాదమయింది. పండుగ పేకాటకు, బరి పందెమునకు అలవాటు పడిన చోటనే అట్టి బల్లలకు కాలు పెట్టే సందు దొరుకుతుంది.

ఆరవది, పడినవానిని లేవనెత్తాలి. జూదములో అప్పులపాలయిన సహోదరుడు సంఘమునకు రావడము మానుకుంటాడు. మనము అతనిని గూర్చి గుసగుసలాడుతాము. అది కాదు చేయవలసినది. ఇద్దరు నమ్మకమైన పెద్దలు ఇంటికి వెళ్ళాలి. సంగతి గుప్తముగా ఉంచాలి. అప్పుల పట్టిక వ్రాయించి, జీతము భార్య చేతికో తల్లి చేతికో వచ్చే ఏర్పాటు చేయించాలి. చేతికి డబ్బు అప్పుగా ఇవ్వకండి. అది మరల బల్లమీదికే పోతుంది. ప్రాణము తీసుకుందామన్న తలంపు ఉన్నట్లు తోస్తే ఒక్క గంట కూడ ఆలస్యము చేయకండి. భారతదేశములో టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడుతారు. వ్యసనము ఒక రోగము వంటిది. ప్రార్థనతోపాటు వైద్యుడు కూడ కావాలి.

9. జేబులోని క్యాసినో

ఇప్పుడు ఓడ ఎక్కనక్కరలేదు, గీత దాటనక్కరలేదు. బల్ల ఫోనులోనికి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. తమిళనాడు 2022లో చట్టము చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి కలిపి చట్టము చేసింది. ఆ చట్టము ప్రకారము డబ్బు ఆటలు నడిపేవారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేండ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడి నష్టపోయినవానికి శిక్ష లేదు, అతనిని బాధితునిగానే చూచారు. ఇది న్యాయమైన దృష్టి.

అయితే చట్టము ఫోనులోనికి తొంగి చూడలేదు. విదేశములలో ఉన్న కంపెనీలు వేరు పేర్లతో వస్తూనే ఉంటాయి. రాత్రి పని ముగించుకొని పదిమంది ఉండే గదిలో ఒంటరిగా పడుకున్న వలస కుర్రవాడు వానికి సులభమైన వేట. అతనికి ఆట కంటే ముందు కావలసినది తోడు. శనివారము సాయంకాలము అతనికి ఒక భోజనము, ఒక పలకరింపు, ఒక క్రికెట్ ఆట మన సంఘము ఏర్పాటు చేయగలిగితే, అది కూడ క్యాసినోకు వ్యతిరేకముగా చేసిన ఉద్యమమే. వాడు పరాయివాని కొరకు బల్ల వేసి కూర్చున్నాడు. మనము కూడ పరాయివాని కొరకు ఒక బల్ల వేయవచ్చును. మనము వేసే బల్లమీద అన్నము ఉండాలి.

తరగతిలో చర్చించుటకు ప్రశ్నలు

1. మీరు నివసించే పట్టణములో జూదమునకు అనుమతి ఇచ్చే అధికారము ఎవరిది? మీ వార్డు సభ్యుని పేరు మీకు తెలుసునా?

2. గోవా, సింగపూర్ ప్రభుత్వములు తమ ప్రజలకు కంచె వేసి బయటివారికి దారి విడిచాయి. దీనిలోని న్యాయాన్యాయములను చర్చించండి.

3. టొరంటో నడిబొడ్డున ఆగినది రెక్స్‌డేల్‌లో ఎందుకు ఆగలేదు? అక్కడ మన సంఘము ఉండి ఉంటే ఏమి చేసి ఉండేది?

4. మన సంఘము నిధుల సేకరణలో అదృష్టముమీద ఆధారపడే పద్ధతులు ఏవైనా ఉన్నవా? వాటి స్థానములో ఏమి చేయవచ్చు?

5. ఈ మాసములో సంఘమునకు రావడము మానివేసిన యవ్వనస్థులు ఎవరు? వారిని చూడడానికి మీలో ఎవరు వెళ్తారు? తరగతి ముగియకముందే ఇద్దరి పేర్లు వ్రాసుకోండి.